బాకీలు చెరువుల్లో ఉంటే సిప్ ఆపాలా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. వయసు 43. రొయ్యల మేత, మందుల కొట్టు నడుపుతున్నాను. 2025 ఆగస్టులో అమెరికా సుంకం పెంచినప్పటి నుంచి రొయ్య ధరకు నిలకడ లేదు. రైతుల దగ్గర 14 లక్షల బాకీ ఆగిపోయింది. సరుకు మీద మార్జిన్ నెలకు 90 వేలు వచ్చేది, ఇప్పుడు 35 వేలు. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 18 వేలు. ఇంటి ఖర్చు 28 వేలు, కొట్టు అద్దె, కరెంటు, కుర్రాడి జీతం కలిపి 17 వేలు. బ్యాంకులో 6 లక్షల సీసీ (సరుకు, బాకీల హామీ మీద అవసరాన్ని బట్టి తీసి వేసుకునే క్యాష్ క్రెడిట్ అప్పు) ఉంది, వడ్డీ 11 శాతం. నెలకు 20 వేల సిప్ (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా కట్టే వాయిదా): నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ (50 పెద్ద కంపెనీల షేర్లు) 5 వేలు, ఫ్లెక్సీ క్యాప్ (చిన్నా పెద్దా అన్ని కంపెనీలూ) 5 వేలు, స్మాల్ క్యాప్ (చిన్న కంపెనీలు) 6 వేలు, ఒకే రంగం షేర్లు కొనే ఫండ్ 4 వేలు. ఇప్పటిదాకా పెట్టింది 6.8 లక్షలు, ఇవాళ చూపిస్తున్నది 6.2 లక్షలు. ఎఫ్‌డీ 4 లక్షలు. 5 లక్షల చీటీ, 25 నెలలది, 11 నెలలు కట్టాను. డివిడెండ్ (పాట తగ్గింపులో నా వంతు) పోను ఈ నెల 17,400 కట్టాలి. ఎల్ఐసీ పాలసీ 8 లక్షలది, 20 ఏళ్లకు, ఏడాదికి 48 వేలు, ఆరేళ్లు కట్టాను. బంగారం 15 సవర్లు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, వచ్చే జూన్‌లో ఇంజినీరింగ్‌కు లక్షన్నర కావాలి. సిప్‌లు ఆపేసి ఉన్నది తీసేసుకోవాలా? మా బావమరిది ఎఫ్‌డీ పగలగొట్టి పడిపోయిన షేర్లు కొనమంటున్నాడు. తెలిసినాయన ఒకరు నూటికి మూడు రూపాయల వడ్డీ ఇస్తానంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: అంకెలు దాచకుండా రాశారు, దాంతో సగం పని తేలికైంది. మీరు మ్యూచువల్ ఫండ్ల గురించి అడిగారు గానీ మీ పెట్టుబడిలో పెద్ద భాగం అక్కడ లేదు. బాకీ 14 లక్షలు, ఫండ్లు 6.2, ఎఫ్‌డీ 4, చీటీలో కట్టింది దాదాపు 2. అంతా కలిపితే 26 లక్షల పైచిలుకు. అందులో సగానికి మించి చెరువుల్లో ఉంది, అదీ వడ్డీ లేకుండా. మీ సంపాదనా ఆ చెరువుల మీదే, సీసీ హామీ కూడా ఆ సరుకూ బాకీలే. రొయ్య ధర పడితే ఈ మూడూ ఒకేసారి పడతాయి. షేర్లలో కనిపిస్తున్న 60 వేల నష్టం దీని ముందు చిన్నది.

ముందు నెల లెక్క. రాబడి 53 వేలు. ఇల్లు 28, కొట్టు 17, సీసీ వడ్డీ 5,500, మొత్తం 50,500. అంటే ఇల్లూ కొట్టూ తమ కాళ్ల మీద తాము నిలబడుతున్నాయి, 2,500 మిగులుతోంది కూడా. నెలనెలా లోటు తెస్తున్నవి పొదుపులు: సిప్ 20 వేలు, చీటీ 17,400, ఎల్ఐసీ నెలకు 4 వేల లెక్కన, వెరసి 41,400. చేతిలో మిగిలే 2,500 తీసేస్తే 38,900 తక్కువ పడుతోంది. మంచి రోజుల్లో, 90 వేల మార్జిన్ చూసి పెట్టుకున్న పొదుపులవి. ఇప్పుడు వాటిని తగ్గిస్తే తప్పు చేస్తున్నానని అనుకోకండి.

మాంద్యంలో షేర్ల ధర పడుతుంది, మళ్లీ లేస్తుంది. 2008 జనవరిలో సెన్సెక్స్ 21 వేల దగ్గర ఉంది, 2009 మార్చికి 8 వేలకు వచ్చింది, తిరిగి పాత మెట్టు ఎక్కేసరికి 2010 నవంబరు. 2020 జనవరిలో 42 వేలు, మార్చి 23న 26 వేల లోపు, నవంబరుకల్లా మళ్లీ 42 వేలు దాటింది. ఒకసారి మూడేళ్లకు దగ్గరగా పట్టింది, ఇంకోసారి పది నెలల్లో అయిపోయింది. ఈసారి ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేరు. ఆ మధ్యలో ఫీజుకో, బ్యాంకు నోటీసుకో యూనిట్లు అమ్మాల్సి వచ్చినవాళ్లే నిజంగా నష్టపోయారు. కాబట్టి అమ్మాల్సిన అవసరం రాకుండా ముందే నగదు దారి వేసుకోవాలి. కింద రాసిందంతా దానికోసమే.

సిప్‌లు నాలుగింటిలో మూడు ఆపండి, ఇండెక్స్ ఫండ్ 5 వేలు మాత్రం సాగనివ్వండి. ఆపడం వేరు, అమ్మడం వేరు. ఆపినా ఉన్న యూనిట్లు ఎక్కడికీ పోవు. ఫండ్ కంపెనీ యాప్‌లో గానీ, మీరు కొన్న ప్లాట్‌ఫారంలో గానీ వాయిదా తేదీకి వారం, పది రోజుల ముందే ‘సిప్ క్యాన్సిల్’ పెట్టండి. బ్యాంకు ఖాతాలో డబ్బు లేకుండా వదిలేసి ‘అదే ఆగిపోతుందిలే’ అనుకోవద్దు. వరుసగా మూడు వాయిదాలు తప్పితే సాధారణంగా సిప్ రద్దవుతుంది గానీ, ఆలోపు ప్రతి బౌన్సుకూ మీ బ్యాంకు ఛార్జీ వేస్తుంది. నాలుగు ఫండ్లు, మూడు నెలలు: పన్నెండు బౌన్సులు. సీసీ ఇచ్చిన బ్యాంకులోనే ఆ ఖాతా ఉంటే రెన్యువల్ టైములో మేనేజరు కంటికి ముందు కనిపించేదీ అదే. ఇక ఆ ఒక్క 5 వేలు ఎందుకంటే, ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ ధర) 50 ఉన్నప్పుడు 100 యూనిట్లు వచ్చిన డబ్బుకు 40 అయినప్పుడు 125 వస్తాయి. ధర తక్కువున్న నెలల్లో కొన్నదే తర్వాత అక్కరకొస్తుంది. నాలుగు నెలల్లో బాకీలు కదలకపోతే దాన్ని కూడా ఆపేయండి, మొహమాటం అక్కర్లేదు.

ఫ్లెక్సీ క్యాప్, స్మాల్ క్యాప్, ఇండెక్స్ యూనిట్లు ముట్టుకోవద్దు. ఒకే రంగం ఫండ్ మాత్రం అమ్మేయండి. ధర పడిందని కాదు. ఇప్పటికే మీ బతుకంతా ఒకే సరుకు మీద నడుస్తోంది, ఇంకో ఒంటికాలి పందెం మీకు అనవసరం. నెలకు 4 వేల చొప్పున 26 నెలలు, 1.04 లక్షలు పెట్టారనుకుందాం. స్టేట్‌మెంట్‌లో అది ఇప్పుడు 78 వేల దగ్గర ఉంటే 26 వేలు నష్టం. ఆ నష్టం పూర్తిగా వృథా కాదు. ముందు కొన్న యూనిట్లు ముందు అమ్మినట్టు లెక్క. ఏడాది దాటిన యూనిట్ల మీద వచ్చిన దీర్ఘకాలిక నష్టాన్ని దీర్ఘకాలిక లాభంలోంచి తగ్గించుకోవచ్చు, ఏడాది లోపు వాటి నష్టాన్ని రెండు రకాల లాభాల్లోంచీ తగ్గించుకోవచ్చు. ఈ ఏడాది లాభం లేకపోతే ఎనిమిదేళ్లు ముందుకు మోసుకెళ్లొచ్చు, కాకపోతే రిటర్ను గడువు లోపల వేసి ఉండాలి. గడువు దాటితే ఆ హక్కు పోతుంది. ఏడాది నిండని యూనిట్లకు ఎగ్జిట్ లోడ్ (ముందే అమ్మినందుకు ఫండ్ కోసుకునే రుసుము) ఉందేమో ముందే చూసుకోండి. ఫండును బట్టి మారుతుంది, ఒక శాతం ఉండటం మామూలే.

ఆ 78 వేలు సీసీలోకి వెళ్లాలి. ఎందుకంటే కొట్టువాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సీసీ లిమిట్ 6 లక్షలని కాగితం మీద ఉన్నా, మీరు వాడుకోగలిగేది డ్రాయింగ్ పవర్ మేరకే. చాలా బ్యాంకులు సరుకు విలువనూ, 90 రోజుల లోపు బాకీలనూ కలిపి, కంపెనీలకు మీరు ఇవ్వాల్సింది తీసేసి, మిగిలినదాంట్లో 25 శాతం మార్జిన్ కోసుకుంటాయి. మీ కొట్టులో 5 లక్షల సరుకుంది, 14 లక్షల బాకీలో 90 రోజుల లోపుది 2 లక్షలే, సరుకంతా డబ్బు కట్టి తెచ్చిందే అనుకుందాం. 7 లక్షల మీద 75 శాతం, 5.25 లక్షలు. వాడింది 6 లక్షలు. 75 వేలు మీద పడ్డట్టే. స్టాక్ స్టేట్‌మెంట్‌లో సరుకు పెంచి రాసి దీన్ని దాటేయాలని చాలామంది చూస్తారు. గోడౌన్ తనిఖీకి వచ్చిన రోజు బస్తాలు లెక్కపెడతారు, అప్పుడు లిమిటే పోతుంది. 90 రోజులపాటు ఖాతా లిమిట్ దాటే ఉన్నా, వడ్డీకి సరిపడా జమలు పడకపోయినా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. ఆ ముద్ర పడితే అమ్మాయి చదువు రుణానికి కూడా అడ్డం వస్తుంది.

11 శాతం సీసీ ఉండగా ఆరేడు శాతం ఎఫ్‌డీ ఎందుకు, మొత్తం అందులోనే వేసేస్తే పోదా అనిపించవచ్చు. లెక్క ప్రకారం అదే లాభం. కానీ ఇవాళ 4 లక్షలు వేసి, జూన్‌లో ఫీజుకు తీద్దామనుకుంటే, అప్పటికి బాకీలు ఇంకా పాతబడి డ్రాయింగ్ పవర్ 3 లక్షలకు దిగి ఉండొచ్చు. వేసిన డబ్బు తిరిగి రాదు. అందుకని సీసీలో మీద పడ్డ మొత్తం మేరకే వేయండి.

ఎఫ్‌డీ 4 లక్షలు ఒకే రసీదు మీద ఉంటే, గడువు తీరినప్పుడు లక్షన్నరది ఒకటి, 50 వేలవి ఐదు చేయించండి. లక్షన్నరదానికి గడువు మే నెలాఖరుకు పెట్టించండి, అది అమ్మాయిది, ఇంకెవరిదీ కాదు. ఏడాదిలోపు కావాల్సిన డబ్బు షేర్లలోకి పోకూడదు, కాబట్టి బావమరిది గారి సలహా ఇక్కడితో సరి. ఆయన ఫ్యూచర్స్, ఆప్షన్స్ (షేర్ల ధర ఎటు పోతుందో పందెం కాసే వ్యాపారం) మాట కూడా తెస్తే ఒక్క అంకె చెప్పండి: షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టిన లెక్కలో, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో అందులో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. గడువుకు ముందే నగదు కావాల్సి వస్తే, రెండు మూడు నెలల అవసరానికి ఎఫ్‌డీ పగలగొట్టకుండా దాని మీద లోను తీసుకోండి. సాధారణంగా 90 శాతం దాకా ఇస్తారు, ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒక శాతం ఎక్కువ తీసుకుంటారు. లక్షకు మూడు నెలలకు మీకు నికరంగా పడేది 250 రూపాయలు. పగలగొడితే డబ్బు ఉన్నన్నాళ్లకు వర్తించే తక్కువ రేటు ఇచ్చి, అందులోంచి అర శాతమో ఒక శాతమో కోస్తారు. 2025లో రిజర్వు బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) నాలుగు విడతల్లో 6.5 నుంచి 5.25 శాతానికి దించింది. అంతకుముందు వేసిన ఎఫ్‌డీ అయితే ఇవాళ అదే వడ్డీ మళ్లీ దొరకదు, అదింకో కారణం.

ఇక చీటీ. ‘నగదు కావాలి, పాడేద్దాం’ అని పాటలో కూర్చుంటే ఆవేశమే నడిపిస్తుంది, అందుకే ఇంట్లో లెక్క వేసుకుని వెళ్లండి. మీది 25 నెలలది, ఈ నెల 12వ పాట. 5 శాతం కమీషన్ 25 వేలు ఎప్పుడు తీసుకున్నా పోయేదే, దాని మీద జీఎస్టీ కూడా అంతే, వదిలేద్దాం. ఆఖరి నెలదాకా ఆగితే 4.75 లక్షలు వస్తాయి. ఇప్పుడు 90 వేల తగ్గింపుకు పాడితే 4.10 లక్షలు. 13 నెలల ముందు తీసుకున్నందుకు 65 వేలు వదులుకున్నట్టు, ఏడాదికి 14.6 శాతం వడ్డీ. బ్యాంకులో బంగారం లోను తొమ్మిది, పది శాతానికి దొరుకుతుంటే ఇది ఖరీదు. 10 శాతం వడ్డీకి సరిపోవాలంటే ఈ నెల తగ్గింపు 71 వేలు దాటకూడదు, 18వ నెలలో 51 వేలు, 20వ నెలలో 44 వేలు. ఈ అంకెలు చీటీ పుస్తకం వెనక రాసుకోండి. అంతకన్నా పైకి పోయిన పాటలో నోరు తెరవకండి. మీ డివిడెండ్ పెరుగుతుంది, అదీ లాభమే.

ఈ చీటీ రిజిస్టరైందో లేదో మాత్రం రేపే కనుక్కోండి. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర నమోదైనదైతే మీకు ఒప్పంద పత్రం ఇచ్చి ఉంటారు. ఊళ్లో నమ్మకం మీద నడిచే చీటీ అయితే, పైన వేసిన వడ్డీ లెక్క పక్కన పెట్టేయండి. రొయ్యల ధర పడితే చీటీ సభ్యుల్లోనూ సగం మంది ఆ రైతులే అయి ఉంటారు, పాడుకున్నవాళ్లు కట్టడం మానేస్తారు. అలాంటి చీటీలో ఖరీదైనా ముందే పాడి బయటపడటం మేలు.

ఎల్ఐసీ సంగతి త్వరగా. 8 లక్షల కవరు మీ ఇంటికి చాలదు, సీసీయే 6 లక్షలుంది. ముందు కనీసం 50 లక్షల టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బొచ్చే బీమా) తీసుకోండి. షుగరో బీపీయో ఉంటే దాచకుండా రాయండి, దాచితే క్లెయిములో చిక్కు మీ ఆవిడకే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. టర్మ్ పాలసీ బాండు చేతికొచ్చాకే పాతదాన్ని పెయిడప్ చేయండి, అంటే ప్రీమియం కట్టడం ఆపి తగ్గిన కవరుతో ఉంచేయండి. 20లో 6 ఏళ్లు కట్టారు కాబట్టి 2.4 లక్షలకు, ఇప్పటిదాకా చేరిన బోనస్‌తో సహా, గడువు తీరేదాకా ఉంటుంది. సరెండర్ చేస్తే కట్టినదానికంటే తక్కువే చేతికొస్తుంది. రోజులు బాగుపడితే ఐదేళ్ల లోపు వడ్డీతో పునరుద్ధరించుకునే వీలుంది.

మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. ఈ రోజుల్లో మీ జిల్లాలో ఏ వ్యాపారం 36 శాతం వడ్డీ కట్టి మిగులుతోందో ఆయన్నే అడగండి. మొదటి నాలుగైదు నెలలు వడ్డీ ఠంచనుగా వస్తుంది, అది మీ అసలులోంచి తీసి మీకే ఇస్తున్నదై ఉంటుంది. అగ్రిగోల్డ్ బాధితులు మీ మండలంలోనూ ఉండే ఉంటారు, ఒకసారి వాళ్లతో మాట్లాడి చూడండి. పది, పన్నెండు శాతం ఇస్తామనే సొసైటీలతోనూ జాగ్రత్త. బ్యాంకుల్లో, సహకార బ్యాంకుల్లో ఒక్కొక్కరికి బ్యాంకుకు 5 లక్షల దాకా, అసలూ వడ్డీ కలిపి, డిపాజిట్ బీమా ఉంది. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకూ ఇతర క్రెడిట్ సొసైటీలకూ ఆ బీమా లేదు.

ఇప్పుడు మొత్తం లెక్క కలుపుదాం. చీటీకి ఇంకా 14 వాయిదాలు. డివిడెండ్ తగ్గుతూ పోతుంది కాబట్టి వాయిదా 17,400 నుంచి మెల్లగా 20 వేలకు పెరుగుతుంది. అన్నీ కలిపి దాదాపు 2.62 లక్షలు. సిప్ 70 వేలు. నెలకు 2,500 మిగులు లెక్కన 35 వేలు తీసేస్తే కావాల్సింది 3 లక్షలకు కాస్త తక్కువ. ఫీజు పక్కన పెడితే ఎఫ్‌డీలో ఉన్నది 2.5 లక్షలు. టర్మ్ ప్రీమియం కూడా వేసుకుంటే 14 నెలల్లో మీకు తక్కువ పడేది 60, 70 వేలు. 14 లక్షల బాకీలో ఇరవయ్యో వంతు వసూలైనా సరిపోతుంది.

వసూలు సంగతి కూడా పెట్టుబడి సంగతే. పద్దు పుస్తకంలో రాసుకున్న బాకీకి కోర్టులో మూడేళ్లే ఆయుష్షు. ప్రతి రైతు దగ్గరా ఇప్పుడే రెవెన్యూ స్టాంపు మీద సంతకంతో ప్రామిసరీ నోటు రాయించండి. కొంత కట్టినప్పుడల్లా నోటు వెనక తేదీ వేసి ఆయన చేతే రాయించి సంతకం పెట్టించండి, గడువు ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. పాత బాకీ ఉన్న రైతుకు మేత ఆపేస్తే పంటే పోతుంది, మీ బాకీ దాంతోపాటే పోతుంది. పంట ఖర్చులో సగానికి పైన మేతే కదా. అందుకని వారానికి సరిపడా మాత్రం, నగదుకు ఇవ్వండి. రొయ్యలు పట్టే రోజు చెరువు గట్టు మీద ఉండండి. కొనుగోలుదారు రైతుకిచ్చే డబ్బులో మీ వంతు నేరుగా మీ ఖాతాలో వేసేలా ముందే ముగ్గురూ కూర్చుని మాట రాసుకోండి. పట్టుబడి అయిన వారానికి వెళితే ఆ డబ్బు సీడుకో, ఇంకొకరి వడ్డీకో వెళ్లిపోయి ఉంటుంది.

బంగారం మీద లోను ఇవన్నీ విఫలమైతేనే. ఇస్తామన్నదాంట్లో సగమే తీసుకోండి, ధర పడినా వేలం నోటీసు వచ్చే ప్రమాదం తగ్గుతుంది. ఏడాది గడువు పెట్టి చివర్లో ఒకేసారి కట్టే రకం కంటే నెలనెలా వడ్డీ కట్టే రకం తీసుకోండి. ఇంకా బంగారం కొనడం మాత్రం ప్రస్తుతానికి వద్దు, ఉన్న 15 సవర్లు చాలు.

25వ నెలలో చీటీ డబ్బు 4.75 లక్షలు, జీఎస్టీ పోను, చేతికొస్తుంది. అందులో 3 లక్షలు కొట్టూ ఇల్లూ ఆరు నెలలు నడిచే డబ్బుగా ఎఫ్‌డీల్లో వేసి, మిగిలిన దాంతో సీసీ తగ్గించండి. ఒకే రంగం ఫండ్ తప్ప ఆపిన సిప్‌లు, మార్జిన్ వరుసగా ఆరు నెలలు 60 వేలు దాటాక, ఇండెక్స్ ఫండ్ కూడా ఆపి ఉంటే దాంతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ తిరిగి వేసుకోండి.